డ్యాష్‌బోర్డు వెనుక చిన్న తలుపు



ఎండలు ముదరగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "మా బండిలో ఏసీ చల్లగా రావడం లేదు. గ్యాస్ కొట్టించాము. అయినా లాభం లేదు. ఏమి చేయమంటారు?" అని. జీపు ఉన్నవారు, పికప్ ఉన్నవారు, కూరగాయలు వేసుకొని సంతకు పోయేవారు, అందరూ అడిగేది ఇదే. ఈ నెల దానికి జవాబు వ్రాద్దామని కూర్చుంటే ముందుగా మా ఇంటి సంగతే చెప్పవలసి వస్తున్నది. అది మేము గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు.

మాది డబుల్ క్యాబిన్ పికప్. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనుక తొట్టిలో సామాను వేసుకోవచ్చు. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు సామాను చేరవేసి, వచ్చేటప్పుడు అక్కడి కూరగాయలు తెస్తుంది. డ్రైవరు మా దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉన్నవాడు. మేము ఉద్యోగం విరమించినా అతనికి ఇంకా "మాస్టారు"మే.

2023 మే నెలలో ఏసీ వేస్తే గాలి గోరువెచ్చగా రావడం మొదలైంది. పట్నంలో ఒక షాపుకు పంపితే "గ్యాస్ తగ్గిపోయింది" అన్నారు. 1,800 రూపాయలు అయింది. రెండు రోజులు ఫరవాలేదనిపించింది. నిజానికి ఆ రెండు రోజులూ మబ్బు పట్టి ఉన్నది. మూడవనాడు ఎండ కాసేసరికి మళ్ళీ అదే గాలి. ఇరవై రోజుల తరువాత ఇంకోసారి పంపితే, ఈసారి గ్యాసుతోపాటు ఆయిల్ కూడా వేశామని 2,200కు బిల్లు వ్రాసి ఇచ్చారు. గాలి మాత్రం మారలేదు.

అప్పుడు మాకు డ్రైవరు మీద అనుమానం వచ్చింది. బిల్లు వస్తున్నది, చల్లదనం రావడం లేదు. మధ్యలో ఉన్నది అతడొక్కడే. ఊళ్ళో ఎవరో "డ్రైవర్లకు షాపువాళ్ళు కమిషన్ ఇస్తారండీ" అని ఒక మాట అన్నారు. అది మా మనస్సులో నాటుకొన్నది. పిలిచి అడిగితే అతడు, "నా కళ్ళ ఎదుటే కొట్టారు మాస్టారూ" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. మేము ఆ నెల జీతంలో 2,000 పట్టుకొని మిగిలినది ఇచ్చాము. పైగా, "ఇక ఆ ఏసీ మీట జోలికి పోవద్దు, డీజిలు దండగ" అని కూడా చెప్పాము.

డిసెంబరు వచ్చింది. చింతపల్లిలో బంధువుల పెళ్ళికి తెల్లవారుజామున బయలుదేరాము. లంబసింగి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చలికాలంలో కొన్ని రోజులు సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఆంధ్రా కశ్మీర్ అని పేరు పెట్టి ఎక్కడెక్కడినుండో చూడడానికి వస్తారు. మేము ఘాటు ఎక్కేసరికి బయట దట్టమైన మంచు. లోపల ఐదుగురి ఊపిరి, తడిసిన శాలువలు. ముందు అద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. హీటరు నాబ్ పూర్తిగా ఎరుపు గుర్తు వైపు తిప్పి, గాలిని అద్దం మీదకు పెట్టాడు. వచ్చిన గాలి మళ్ళీ అదే గోరువెచ్చన. వేసవిలో ఏ గాలి వచ్చిందో చలికాలంలోనూ అదే గాలి!

ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గుడ్డ. తుడిచిన చోట రెండు నిమిషాలు కనిపించి మళ్ళీ మూసుకుపోతున్నది. మూడవ మలుపులో ఎదురుగా లారీ లైట్లు ఒక్కసారిగా పైనబడ్డట్టు వచ్చాయి. అతడు బండిని కొండవైపుకు అణచిపెట్టి ఆపేశాడు. కాస్త ముందు జాగా ఉన్నచోటికి మెల్లగా చేర్చి, నాలుగు వైపులా మెరిసే లైట్లు వేసి, "మాస్టారూ, పొద్దు పొడిచాకే బండి తీస్తాను. మీరేమనుకున్నా సరే" అన్నాడు. వెనుక సీటులో మా అమ్మాయి, ఆరేళ్ళ మనవడు నిద్రపోతున్నారు. మేము మారు మాట్లాడలేదు. పెళ్ళికి వెళ్ళేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు.

తిరిగి వచ్చాక బండిని ఈసారి ఏసీ షాపుకు పంపలేదు. ముప్పై ఏళ్ళుగా జీపులు విప్పుతున్న ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు మేమే వెంట వెళ్ళాము. జరిగినదంతా విని ఆయన అడిగినది ఒక్కటే. "వేడీ సగమే, చలువా సగమే. అంతేగదండీ?" అవునన్నాము. "అయితే గ్యాసు గొడవ కాదు. లోపల ఫ్లాప్ మధ్యలో ఆగిపోయింది" అన్నాడు.

ఆ ఫ్లాప్ అంటే ఏమిటో ఆయన మాకు చూపించినట్టే మీకు చెప్పడానికి ప్రయత్నిస్తాము. డ్యాష్‌బోర్డు వెనుక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో రెండు జాలీలు ఉంటాయి. ఒకటి కూలింగ్ కాయిల్. ఏసీ గ్యాసు దానిలో నుండి పోతూ దానిని చల్లబరుస్తుంది. రెండవది హీటరు కాయిల్. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీళ్ళు దానిలో తిరుగుతుంటాయి. ఇంజను వేడెక్కిన తరువాత ఆ నీళ్ళు 80, 90 డిగ్రీల దాకా ఉంటాయి. చాలా బండ్లలో ఆ వేడి నీళ్ళు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి, మే నెలలో కూడా. బ్లోయర్ ఊదే గాలి ముందు కూలింగ్ కాయిల్ గుండా వస్తుంది. ఆ తరువాత ఒక చిన్న తలుపు అడ్డుగా ఉంటుంది. ఆ తలుపే ఫ్లాప్. అది ఒక కొసకు వాలితే గాలి హీటరు కాయిల్‌ను తాకకుండా నేరుగా మన మీదకు వస్తుంది. రెండవ కొసకు వాలితే గాలి అంతా హీటరు కాయిల్‌లో దూరి వస్తుంది. మధ్యలో ఉంటే సగం అటు, సగం ఇటు. మనం ముందు తిప్పే నీలం, ఎరుపు నాబ్ చేసే పని ఆ తలుపును తిప్పడమే, మరేమీ కాదు.

ఇప్పుడు మా బండి సంగతి తేలికగా బోధపడుతుంది. కూలింగ్ కాయిల్ గాలిని చక్కగా చల్లబరుస్తున్నది. పక్కనే హీటరు కాయిల్ దానిని మళ్ళీ కాగబెడుతున్నది. ఎన్నిసార్లు గ్యాస్ కొట్టినా ఏమి లాభం? ఒక పొయ్యి మీద పెట్టిన గిన్నెలో ఐసుగడ్డలు వేస్తూ పోయినట్టే.

గ్యాసును గురించి మేస్త్రి చెప్పిన ఇంకొక మాట మాకు కొత్త. ఏసీ గ్యాసు డీజిలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాసు తిరిగి తిరిగి పనిచేస్తుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. కారేచోటు వెదకకుండా పైన కొట్టి పంపేవాడు మీ రోగాన్ని చూడలేదు, మీ సంచిని చూశాడు. మన బండ్లలో చాలావాటికి వాడే ఆర్ 134ఎ అనే ఆ వాయువును గాలిలోకి వదిలివేయడం కూడా మంచిది కాదు. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే వెయ్యి రెట్లకు పైబడిన బలం గలది.

షాపుకు పోకముందే ఇంట్లో చూసుకొనే పరీక్ష ఒకటి ఉన్నది. ఇంజను నడుస్తుండగా ఏసీ వేసి పది నిమిషాలు ఉంచండి. బానెట్ ఎత్తి, క్యాబిన్ గోడలోకి దూరే రెండు ఏసీ గొట్టాలలో లావుపాటిదాని పైభాగాన్ని జాగ్రత్తగా తాకి చూడండి. ఫ్యాను, బెల్టు దరిదాపుల్లోకి చేయిగాని, చీర కొంగుగాని పోకూడదు. ఆ గొట్టం కుండలో నీళ్ళలాగా చల్లబడి, పైన చెమట పట్టి ఉంటే గ్యాసు, కంప్రెసరు తమ పని చేస్తున్నట్టే. లోపల గాలి మాత్రం వెచ్చగా ఉంటే అనుమానం ఫ్లాప్ మీదకు పోవలెను. ఇంకా రూఢి కావాలంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు హీటరుకు పోయే రబ్బరు పైపుకు మందపాటి గుడ్డ చుట్టి, నొక్కే క్లాంపుతో బిగించి, తరువాత బండి స్టార్టు చేసి చూడాలి. వేడినీళ్ళు ఆగగానే గాలి చల్లబడిందా, ఇక సందేహం లేదు. కొన్ని పాత బండ్లలో ఫ్లాప్‌కు బదులు ఆ వేడినీళ్ళ పైపుకే ఒక కుళాయి ఉంటుంది, నాబ్ దానినే తిప్పుతుంది. అలాంటి వాటిలో చూడవలసినది ఆ కుళాయిని.

మా మేస్త్రి గ్లవ్ బాక్సు ఊడదీసి లోపలికి టార్చి వేశాడు. మమ్మల్ని నాబ్ తిప్పమన్నాడు. పెట్టె పక్కన ఒక చిన్న లీవరు, దానికి సైకిలు బ్రేకు తీగలాంటి కేబుల్ కనిపించాయి. మేము నాబ్ తిప్పుతుంటే కేబుల్ పైతొడుగు మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతున్నది, లీవరు మాత్రం కదలడం లేదు. తొడుగును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉన్నది. సైకిలు బ్రేకు తీగ తొడుగు ఊడిపోతే బ్రేకు ఎలా పట్టదో ఇదీ అంతే.

"క్లిప్పు దానంతట అది విరగదండీ" అంటూ ఆయన లీవరును వేలితో నెట్టాడు. ఎరుపు వైపుకు పోయింది. నీలం వైపుకు రాలేదు, సగంలో గట్టిగా తగిలి ఆగిపోయింది. లోపల ఏదో అడ్డు పడింది. డ్యాష్‌బోర్డు అడుగున గాలి గొట్టం ఒకటి విప్పి, కొస వంచిన తీగ, చిన్న అద్దం పెట్టుకొని అరగంట కుస్తీ పట్టాడు. చివరకు బయటికి వచ్చినది పచ్చరంగు పెన్సిలు ముక్క, రెండంగుళాలు ఉంటుంది. ముందు అద్దం కింద గాలి వచ్చే సందులో నుండి జారి లోపల పడింది. మనవడు సెలవులకు వచ్చినప్పుడు ఆ సందులలో ఏమేమి వేస్తాడో మాకు తెలియనిది కాదు. దానితోపాటు ఒక రూపాయి బిళ్ళ, రెండు చింతగింజలు కూడా వచ్చాయి.

"ఇది అడ్డం పడ్డాక నాబ్ బిగిసి ఉంటుంది. ఎవరో బలంగా తిప్పారు. అప్పుడు క్లిప్పు విరిగింది" అన్నాడు మేస్త్రి.

మాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం నాబ్ తిరగకపోతే, పక్క సీటులో కూర్చున్న మేమే రెండు వేళ్ళతో కాక గుప్పిటతో పట్టి తిప్పాము. "టక్" మని చప్పుడైంది. ఆ తరువాత వెన్నలాగా తిరిగింది. "చూశావా, కాస్త బలం చూపాలి" అని డ్రైవరుతో అన్నాము కూడా.

మరమ్మతుకు పెద్ద సామాను ఏమీ పట్టలేదు. విరిగిన క్లిప్పు స్థానంలో స్క్రూతో బిగించే చిన్న ఇనుప క్లాంపు వేశాడు. ప్లాస్టిక్ టై కట్టినా కొన్నాళ్ళు ఆగుతుందట, కాని వేడికి సడలిపోతుంది. బిగించే పద్ధతి ఒకటి ఉన్నది, గుర్తుపెట్టుకోండి. ముందు నాబ్ నీలం కొసకు తిప్పాలి. తరువాత లీవరును చేత్తో చలువ వైపు చివరిదాకా నెట్టి పట్టుకొని, అప్పుడు కేబుల్ తొడుగును క్లాంపులో బిగించాలి. ఆ తరువాత నాబ్‌ను రెండు కొసలకూ తిప్పితే, ఫ్లాప్ రెండు వైపులా గోడకు ఆనిన "టప్" అనే చప్పుడు వినిపించాలి. ఒక వైపే వినబడితే కేబుల్ కాస్త ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ బిగించాలి. ఈ చివరి పని చేయక వదిలివేసే వారే ఎక్కువ. మొత్తం మీద ఆయన 600 రూపాయలు తీసుకున్నాడు.

కొత్త బండ్లలో కేబుల్ ఉండదు. అరచేతిలో ఇమిడే చిన్న మోటారు ఫ్లాప్‌ను తిప్పుతుంది. దానిలోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు ఉంటాయి. పళ్ళు అరిగితే తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు వెనుక "టిక్, టిక్, టిక్" అని గోడ గడియారంలాగా చప్పుడు వస్తుంది. అలాంటప్పుడు బండి ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసివేసి, రెండు మూడు స్క్రూలు విప్పి మోటారును పక్కన పెట్టి, ఫ్లాప్ ఇరుసును చేత్తో తిప్పి చూడాలి. కొంతదూరం హాయిగా తిరిగి రెండు కొసల్లోనూ ఆగితే ఫ్లాప్ మంచిదే, మోటారు మార్చాలి. ఎక్కడా ఆగకుండా గిర్రున తిరిగితే ఇరుసు విరిగింది. అసలు తిరగకపోతే మా పెన్సిలులాంటిది ఏదో పడింది. ఈ మూడింటిలో ఏదో తేల్చకుండా కొత్త మోటారు బిగిస్తే, అది కూడా అడ్డును నెట్టి నెట్టి పళ్ళు అరగదీసుకుంటుంది.

ఇరుసు విరగడం అన్నింటిలో కష్టమైనది. అమెరికాలో డాడ్జ్ రామ్ అనే పికప్పులలో 2002 తరువాత కొన్నేళ్ళపాటు వచ్చినవి ఈ విషయంలో పేరుమోశాయి. ప్లాస్టిక్ ఫ్లాప్ ఇరుసు దగ్గర పుటుక్కున తెగుతుంది. పద్ధతి ప్రకారం బాగుచేయాలంటే ఏసీ గ్యాసు తీసి, ఇంజను నీళ్ళు తీసి, డ్యాష్‌బోర్డు అంతా ఊడదీసి, ఆ పెట్టెను బయటికి లాగాలి. తలుపు చిన్నది, కూలి కొండంత. అందుచేత అక్కడివారు గ్లవ్ బాక్సు వెనుక పెట్టె గోడకు కొలత ప్రకారం కంత కోసి, విరిగిన ముక్కలు తీసివేసి, ఇనుప రేకు ఫ్లాప్ దూర్చి, కంతకు మూత వేసి అతికించే పద్ధతి కనిపెట్టుకొన్నారు. మన మేస్త్రీలు చూడకుండానే ఇలాంటివి ఎన్నో చేస్తుంటారు. కాని పెట్టెకు కంత కోయించుకొనేముందు రెండు కాయిల్స్ ఎక్కడ ఉన్నాయో అతనికి తెలుసునా అని అడగండి. రంపం హీటరు కాయిల్‌కు తగిలితే 600తో పోయే పని వేలలోకి పోతుంది.

ఈ సంగతి ఇక కార్లు, పికప్పులవారికి మాత్రమే కాదు. మీ కుటుంబాలలో లారీ నడిపే పిల్లలు ఉంటారు. 2025 అక్టోబరు 1 నుండి మన దేశంలో తయారయ్యే సరుకు లారీలకు, మూడున్నర టన్నులకు పైబడినవాటికి, డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. ఇంజను పక్కన కూర్చొని రోజంతా కాగిపోయే మనిషికి అది ఎప్పుడో రావలసిన సదుపాయం. అయితే ఏసీ వచ్చిన చోటికల్లా "గ్యాసు తగ్గింది" అనే మాట కూడా వస్తుంది.

ఇంకా రెండు జాగ్రత్తలు. కాళ్ళ దగ్గర మ్యాటు తడిసి, క్యాబిన్‌లో తియ్యటి వాసన వస్తూ, అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతుంటే అది ఫ్లాప్ కాదు, హీటరు కాయిల్ కారుతున్నది. వెంటనే చూపించాలి. డ్యాష్‌బోర్డు కింద పసుపుపచ్చ తొడుగు వేసిన తీగలు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగిన తరువాతనే ఆ ప్రాంతంలో చేయి పెట్టాలి.

మేస్త్రి చెప్పగా తెలుసుకొన్న మరొకటి వ్రాయకపోతే లోపమే. అద్దం మీది ఆవిరి పోవడానికి వేడి ఒక్కటే చాలదు. ఏసీ, హీటరు రెండూ కలిపి వేయాలి. కూలింగ్ కాయిల్ గాలిలోని తేమను నీరు చేసి కిందికి కార్చేస్తుంది, హీటరు కాయిల్ ఆ పొడిగాలిని వెచ్చచేసి అద్దం మీదకు పంపుతుంది. బయటి గాలి లోపలికి వచ్చేలా మీట పెట్టాలి, లోపలి గాలినే తిప్పే మీట పెడితే ఐదుగురి ఊపిరీ అద్దానికే అంటుకుంటుంది. ఆనాడు ఘాటులో డ్రైవరు ఏసీ ఎందుకు వేయలేదని మేస్త్రి అడిగాడు. అతడు మావైపు చూడకుండా, "వేయవద్దన్నారండీ" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక పట్టుకొన్న 2,000 తీసి అతని చేతిలో పెట్టాము. "ఏప్రిల్‌లో నాబ్ మేము తిప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు గదా, మే నెలలో అడిగినప్పుడు ఆ మాట ఎందుకు అనలేదు?" అన్నాము.

"అంటే మీరు నమ్మేవారా మాస్టారూ?" అన్నాడు. డబ్బు లెక్కపెట్టకుండానే చొక్కా జేబులో పెట్టుకొన్నాడు. మరునాడు పొద్దున్నే చూస్తే ముందు అద్దం కింది సందులకు దోమల జాలీ ముక్క కొలతగా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి బిగించి ఉన్నది.